బా అంజీర చెట్టుకు ముప్పై ఒక్క ఆకులు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు వదినె, నీకెరుకే. ఒక్క మొక్కను మూడు నెలలు సాకిన. గంతే. దాండ్ల చెప్పుకునేటందుకు ఏమున్నది?"

రాజమల్లు గిట్ల మొదలువెట్టిండంటే నా చాయ్ బండి కాడ కూసున్నోళ్లు ఇంకో గ్లాసు చెప్పుకుంటరు. నాకు గిరాకి అయితది, అందుకే నేను ఆపను. సూరత్ నవాగామ్‌ల మనోళ్లుండే గల్లీ మూలకు నా బండి. లలితమ్మ చాయ్ అంటే అందరికి ఎరుకే, పన్నెండేండ్ల సంది ఈడ్నే పోస్తున్న. రాజమల్లు సాంచెల కార్ఖాన్ల జాబరు, అంటే సాంచె, గదే మరమగ్గం, ఆగితే బాగుచేసేటోడు. చేతుల పని మంచిగుంటది. నోరే జర ఎక్కువ నడుస్తది.

కరోన వచ్చి ఏడాది కావస్తున్నది. ఫిబ్రవరి నెల, ఆదివారం పొద్దుగాల. మాస్కులన్నీ గదుమల కిందికి జారి ఉన్నయ్. బల్ల మీద రాజమల్లు పక్కన ఒక మట్టి కుండీ ఉన్నది, దాని మీద పాత లుంగీ కప్పి ఉన్నది. ఒక్క నిమిషం కూసుంటడు, లేస్తడు, రోడ్డు దాక పోయి చూస్తడు, మళ్ల వచ్చి లుంగీ సర్దుతడు. చాయ్ గ్లాసు మూడుసార్లు చేతికి తీసుకున్నడు, ఒక్కసారి గూడ తాగలే.

"ఏమిటయ్యా ఆ తిరగడం, కాలుగాలిన పిల్లిలాగా?" అన్నడు ఈశ్వరయ్య సారు. ఆయన రైల్వేల గార్డు చేసి రిటైరైండు, రాజమండ్రి దిక్కు మనిషి. రోజు పేపరు పట్టుకొని నా బండి కాడికి వస్తడు.

"నాకేం ఫికర్ లేదు సార్. పది గంటలకు బా వస్తది, గంతే. మా శేఠ్ తల్లి. ఈ కుండీల చెట్టు ఆమెది. చలికాలమంతా మంచిగ సాకితే కార్ఖాన మీది రూము నీకే అన్నది. రేపు పొద్దుగాల మా ప్రమీల, బిడ్డ సంగీత రైలు దిగుతరు. లాక్‌డౌన్ల ఊరికి పోయినోళ్లు, తొమ్మిది నెలలాయె. నేనేమో తొమ్మిది మంది మొగోళ్లు పండే ఖోలీల ఉన్న. ఆడికెట్ల తీసుకపోత వాళ్లను? గని ఏం కాదు. బా చెట్టు చూస్తది, తాళం ఇస్తది, అయిపాయె. ప్రమీల పెట్టె గూడ పదిలంగ ఉన్నది. చీరెలు పదిలమేనా అని రోజు ఫోన్ల అడుగుతది. మూత గూడ తియ్యలేదే అని చెప్పిన."

"గింతకు ఏం చెట్టు బావా గది?" అని అడిగిండు సదానందం. రాజమల్లు ఉన్న కార్ఖాన్లనే సాంచెలు నడుపుతడు. లాక్‌డౌన్ల ఊరికి పోయి మొన్ననే మళ్ల వచ్చిండు.

"అంజీర. మూరెడు గూడ లేదు, గని ఇరవై రెండేండ్ల వయసు. మొదలు నా మణికట్టంత లావు. బోన్సాయ్ అంటరు. దీపావళికి బా, శేఠ్ భావ్‌నగర్ పోయిండ్రు. పోయేటప్పుడు బా కుండీ నా చేతుల వెట్టింది. శేఠ్ ఒక్కటే మాట అన్నడు, ఎట్ల ఇస్తున్నమో గట్లనే వాపస్ రావాలె అని. నేను గాడ్నే నిలవడి ఆకులు లెక్కవెట్టుకున్న. ముప్పై ఒకటి. ఇగ సాకుడు మొదలువెట్టిన. కరోన టైము గదా, పెద్దోళ్ల ఇంటికెళ్లి వచ్చింది, మనకేం తెలుసు అని పద్నాలుగు రోజులు దాన్ని వేరే మూలకు ఉంచిన. వేలికి పెట్టి చూసే మిషిన్ ఉంటది చూడు, గది తెచ్చి ఆకుకు పెట్టిన. నాకు తొంభై ఆరు వచ్చింది, దానికి తొంభై తొమ్మిది."

"ఆకుకి నాడి ఉంటుందిటయ్యా?" అన్నడు సారు.

"ఉంటదో ఉండదో మిషిన్‌ను అడుగుండ్రి సార్. నేను చదివింది చెప్తున్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? డిసెంబర్ల చలి వచ్చింది. మామూలు చలి గాదు."

"సూరత్‌ల చలేంది బావా? జనవరిల గూడ ఫ్యాన్ కిందనే పంటం గద."

"నువ్వు గప్పుడు ఊర్ల ఉంటివి తమ్మీ, నీకేమెర్క? ఈ యేడు వచ్చిన చలి తాత ముత్తాతలు చూడలే. సాంచె నడుస్తుంటే నాడె ఈ పక్కకెళ్లి ఆ పక్కకు పోవాలె గదా, సగం దూరం వోయి గాలిల్నే ఆగింది. పేక దారం గడ్డకట్టి ఇనుప తీగ తీరు నిలవడ్డది. నేను చేత్తోటి పట్టుకొని, నోటితోటి ఊది, కరిగిచ్చి మళ్ల నడిపిచ్చిన. గసోంటి చలిల చెట్టును విడిచిపెడతనా? నా చెద్దరు దానికి కప్పిన, నేను కండెల బస్త కప్పుకొని పన్న. చాలలే. ఇగ లాభం లేదని తీసుకపోయి పన్నెండో నంబర్ సాంచె మోటర్ మీద కూసోవెట్టిన. మోటర్ వేడి ఉంటది గదా. గాడ కూసోని కూసోని చెట్టుకు సాంచె పని మొత్తం తెలిసిపోయింది."

రాజమల్లు లేచి మళ్ల రోడ్డు దిక్కు చూసిండు. ఒక టెంపో పోయింది, గంతే. వచ్చి కూసున్నడు, ఒక కాలు ఊపుకుంట మళ్ల అందుకున్నడు.

"ఒకనాడు పడుగుల ఒక పోగు తెగింది. నేను వెతుకుతున్న, దొరుకుతలేదు. చూస్తే చెట్టు ఒక ఆకును గిట్ల చాపి, వేలు చూపెట్టినట్టు చూపెడుతున్నది. గాడనే ఉన్నది తెగిన పోగు. ఒక్కసారైతే గాలికనుకుంట. రోజుకు ఇరవైసార్లు. మీరంత ఊరికి పోతిరి, కార్ఖాన్ల మనిషి లేడు. ఇరవై నాలుగు సాంచెలు నేను, చెట్టు, ఇద్దరమే నడిపినం. నేను బీడీ తాగ పోతే అదే చూసుకునేది."

"హాజరీ వేసిండ్రా మరి దానికి?" అన్న నేను.

"వేస్తమన్నరు వదినె, నేనే వద్దన్న. కుండీల ఉన్నదానికి ఆశ పుట్టొద్దు అని. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పనిజేసేదానికి దూప ఎక్కువైతది గదా. కుండీ కింద బొక్క ఉంటది చూడు, దాండ్లకెళ్లి వేరు విడిచింది. ఒక్కటే వేరు, దారమంత సన్నం. మూడంతస్తుల స్లాబు దాటింది, కింద శేఠ్ కారు పెట్టే జాగ దాటింది, రోడ్డు కిందికెళ్లి పోయి పోయి తాపీ నదిల మూతి పెట్టింది. నాలుగు రోజులు తాగింది. అయిదో రోజు హజీరా రేవు కాడ ఓడ పోయి ఇసుకల కూసున్నది."

ఈశ్వరయ్య సారు పేపరు మడిచి పక్కకు పెట్టిండు.

"నవ్వకుండ్రి సార్. ఓడ కప్తాన్ దిగి చూస్తే నీళ్లు లేవు, వేరు ఉన్నది. గాడికెళ్లి వేరు పట్టుకొని నడుచుకుంట నడుచుకుంట ఎనభై మంది మన కార్ఖానకు వచ్చిండ్రు. కప్తాన్ నాకు చేతులు జోడిచ్చిండు. భాయ్, మా ఓడ విడిపియ్యి అని. నేను చెట్టు చెవుల ఒక్క మాట చెప్పిన."

"చెట్టుకు చెవులు గూడ ఉన్నయా ఇగ?" అన్నడు సదానందం.

"సాంచెల చప్పుడుల మూడు నెలలు ఉంటే నీకు వోతయ్, దానికి వచ్చినయ్. వేరు వాపస్ తీసుకున్నది. పొద్దుమీకేసరికి తాపీ నిండింది, ఓడ తేలింది. గది గూడ పెద్ద ముచ్చట కాదు. అసలు సంగతి పండు. జనవరిల ఒక్క పండు కాసింది. ముందుగాల గోలీ అంత, తెల్లారి కొబ్బరికాయంత, మూడోనాడు సాంచె రూము తలుపుల పట్టలే. హజీరాకెళ్లి గదే కప్తాన్ క్రేను పంపిచ్చిండు, మేలు మర్వనోడు. క్రేను ఎత్తి కోస్తే వాసన వచ్చింది చూడు, నవాగామ్ దాటి డిండోలి దాక. కరోన వచ్చి ముక్కుకు వాసన పోయినోళ్లందరు లైను కట్టిండ్రు. ఒక్కసారి పీలిస్తే చాలు, రెండేండ్ల కింద తిన్న పప్పు వాసన గూడ యాదికి వచ్చేది."

"గంత పండు కాస్తే మా మూతికి ఒక్క ముక్క రాలే," అన్నడు సదానందం. "మాటలు కోటలు దాటుతయ్ బావా, గని నీ లుంగీ మాత్రం కుండీ దాటదు. తియ్యి, చెట్టును చూస్తం."

"ముట్టకు. బా వచ్చినంకనే తియ్యాలె. కొత్త గాలి తాకితే దానికి దిష్టి తగుల్తది."

"ఎనభై మంది చూస్తే తగలని దిష్టి నేనొక్కన్ని చూస్తే తగుల్తదా?"

సదానందం చెయ్యి చాపిండు. రాజమల్లు కుండీని గుండెలకు వత్తుకున్నడు. గా గుంజుడుల లుంగీ జారింది. ముందుగాల చూస్తే నాకు నమ్మకం కుదిరింది. చిన్న చెట్టు, నిండ పచ్చటి ఆకులు. చిలకపచ్చ. గని ఒక ఆకు రాలి నా స్టవ్ పక్కన వడ్డది. సదానందం దాన్ని తీసి రెండు వేళ్ల నడుమ పెట్టి రుద్దిండు. నేతపని చేసేటోళ్ల వేళ్లు కండ్లకన్న ముందు చూస్తయ్.

"బావా," అన్నడు మెల్లగ, "గీ ఆకుకు పడుగు, పేక రెండు ఉన్నయ్ గదనే."

సదానందం వంగి కొమ్మ చూసిండు. కొమ్మకొమ్మకు సన్నటి దారం. "ముడి గూడ మన ముడే. సాంచె మీద తెగిన పోగు అతికేటప్పుడు వేసే ముడి."

రాజమల్లు గప్పుడు కూసున్నడు. పొద్దటి సంది మొదటిసారి కాలు ఊపకుంట కూసున్నడు.

"డిసెంబర్ మొదట్ల ఒక ఆకు పసుపు పచ్చగయ్యింది వదినె," అన్నడు. "తెల్లారి రాలింది. ఇంకోటి. వారం పది దినాలల్ల ముప్పై ఒక్కటి రాలినయ్. వట్టి కట్టె మిగిలింది. చంపిన అనుకున్న. గప్పటికే ప్రమీలకు రూము దొరికిందని చెప్పిన. బిడ్డ గోడకు ఏం బొమ్మ అతికియ్యాల్నో గూడ అనుకున్నది. బా ఏమో ప్రతి ఆదివారం వీడియో కాల్ చేసి చెట్టు చూపెట్టు అంటది. ఏం చూపెట్టాలె? మస్తు భయమైంది. పోగు తెగితే అతుకుడే గద మన పని. రాలిన ఆకు ఒకటి తీసి గుడ్డ మీద పెట్టి గీసి, ముప్పై ఒక్కటి కత్తిరిచ్చిన. కొమ్మకొమ్మకు అతికిన. ఫోన్ల చూస్తే మంచిగ కండ్లకు ఆనింది. బా చూసింది, ఏమనలే. ప్రతి ఆదివారం చూసింది, ఏమనలే."

"గుడ్డ యాడిది?" అని అడిగిన.

"చిందీ గుడ్డ, వేస్టు ముక్క. కార్ఖాన్ల దొరికింది," అన్నడు, నా దిక్కు చూడకుంట.

నేను సదానందం చేతులకెళ్లి ఆకు తీసుకొని చూసిన. చిలకపచ్చ మీద నువ్వుగింజంత జరీ చుక్కలు. ఆకును రొంటిల దోపుకున్న.

ఈశ్వరయ్య సారు నెత్తి పట్టుకున్నడు. "ఓరి పిచ్చివాడా, అంజూరం చలికాలంలో ఆకు రాలుస్తుందయ్యా. పూనాలో మా క్వార్టర్స్ వెనకాల రెండు చెట్లుండేవి. డిసెంబరులో బోడికర్రలైపోయేవి, ఎండలు ముదిరేలోపు మళ్లీ చిగురించేవి. చావడం కాదది. నిద్ర."

"నిద్రనా?"

"నిద్రే. ఆవిడ ఇరవై రెండేళ్లుగా పెంచుతోందంటున్నావు. జనవరిలో ముప్పై ఒక్క ఆకులు కనపడితే ఆవిడకి తెలియదూ?"

రాజమల్లు ముఖం చూస్తే నాకు పాపమనిపిచ్చింది. గిప్పటిదాక తాపీని ఎండవెట్టినోడు, నోరెండి నా చేతుల నీళ్ల గ్లాసు గుంజుకున్నడు. "అందుకే వస్తున్నది," అన్నడు. "చెట్టు కోసం గాదు, నన్ను పట్టుకునేటందుకు వస్తున్నది. రూము పాయె వదినె. రైలు గిప్పుడు మహారాష్ట్రల ఉంటది. దిగినంక వాళ్లకు ఏం చెప్పాలె నేను? ఏ ముఖం వెట్టుకొని పోవాలె స్టేషన్‌కు?"

నేను చెట్టు దగ్గరికి గుంజుకొని కొమ్మ మీద గోటితోటి జర గీకిన. మా నాయినది జగిత్యాల దిక్కు మామిడి తోటల పని, కట్టె ఎండిందా లేదా గట్లనే చూసేటోడు. పొట్టు కింద తడిగ, పచ్చగున్నది. ఇంకో కొమ్మ గీకిన. అదీ పచ్చనే. ముడి కింద చూస్తే చిగురు ఒకటి, ఎర్రగ, గోరంత. దారం దాని మెడకు బిగుసుకున్నది.

"బతికే ఉన్నది," అన్న. "నువ్వు అతికినవే దాన్ని పిసుకుతున్నయ్. ముందుగాల ముడులు ఇప్పు."

గా ముడి ఇప్పితే వచ్చేది గాదు. సాంచె ముడి గుంజినకొద్ది బిగుస్తది. పాల ప్యాకెట్లు కోసే నా కత్తెర తీసి సదానందం ఒక దిక్కు, పండ్లతోటి కొరుక్కుంట రాజమల్లు ఒక దిక్కు. సారు కండ్లద్దాలు పైకి నెట్టుకొని కొమ్మలు పట్టుకున్నడు. పన్నెండు ఆకులు తీసిండ్రో లేదో, తెల్ల కారు వచ్చి బండి ముంగట ఆగింది.

బా దిగింది. డెబ్బై ఐదు, ఎనభై మధ్యల ఉంటది, తెల్ల చీరె, చేతుల కట్టె. డ్రైవర్ చెయ్యి పట్టుకోబోతే వద్దన్నది. వచ్చి చెట్టును చూసింది. సగం బోడి, సగం చిలకపచ్చ. రాజమల్లు పెదవికి ఒక దారం ముక్క అంటుకొని ఉన్నది.

ఆమె గుజరాతీల మాట్లాడింది, నేను మన మాటల చెప్తున్న. "ఇరవై రెండేండ్లల్ల నా చేతుల నిలవని ఆకు నీ చేతుల నిలిచింది. ఫోన్ల నమ్మబుద్ధి కాలే. చూద్దామని వచ్చిన. ఏం మందు వేసినవ్ రాజూభాయ్?"

రాజమల్లు నోరు తెరిచిండు. మా ముగ్గురికి తెలుసు, ఇగ ఓడ వస్తది, కప్తాన్ వస్తడు అని. సదానందం బల్ల కిందికెళ్లి వాని కాలు తొక్కిండు.

"గుడ్డవి బా," అన్నడు రాజమల్లు. "చెట్టు చచ్చిందనుకొని భయపడి నేనే కట్టిన. తప్పైంది. నా భార్యా బిడ్డ రేపు వస్తున్నరు, రూము కోసం చేసిన."

బా ఒక గుడ్డ ఆకును కట్టెతోటి కదిలిచ్చింది. "నీళ్లు ఎట్ల పోసినవ్?"

"ఎక్కడ పోసిన బా? ఆకు తడిస్తే రంగు దిగుతది. వారానికి ఒకసారి చాయ్ గ్లాసుతోటి, కుండీ అంచుకు, ఆకు తడవకుంట."

బా కట్టె పక్కకు ఆనిచ్చి బల్ల మీద కూసున్నది. వేలు మట్టిల పెట్టి చూసింది. మాస్కు లోపల నవ్వుతున్నదని కండ్లు చూస్తే తెలిసింది.

"నాకు గిసోంటివి మూడు ఉండె," అన్నది. "ఒక చలికాలం ఒకని చేతుల పెట్టి పోయిన, ఇంకో చలికాలం ఇంకొకని చేతుల. ఇద్దరూ మంచోళ్లే. ఆకు రాలంగనే చచ్చిపోతుందని పొద్దున బకెటు, మాపున బకెటు పోసిండ్రు. నిద్రపోయే చెట్టుకు నీళ్లెక్కువైతే వేరు కుళ్లుతది. రెండూ పోయినయ్. ఇది ఒక్కటే మిగిలింది. నీ అబద్ధం తడవకూడదని నువ్వు దీన్ని బతికిచ్చినవ్."

సంచిల చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది. రాజమల్లు రెండు చేతులు చాపిండు. తీసుకొని కండ్లకద్దుకున్నడు, ఏడ్చిండు గూడ. సదానందం మిగిలిన ముడులు కత్తిరిచ్చిండు. బా చెట్టును ఒళ్లె పెట్టుకొని కారెక్కింది.

కారు మూల తిరగలే, రాజమల్లు ముక్కు తుడుచుకొని బల్ల మీద కాలు మీద కాలేసిండు.

"చూసిండ్రా? నాకు ముందుగాలనే ఎర్క, అంజీరకు నీళ్లు పొయ్యద్దని. అసలు గా గుడ్డ ఆకులు ఎందుకు కట్టిన? మంచు పడకుంట కొమ్మకు గొడుగు తీరు. జపాన్ల గట్లనే చేస్తరు. నన్ను అడిగేటందుకు మనిషిని గూడ పంపిచ్చిండ్రు."

నేను రొంటిలకెళ్లి ఆకు తీసి వాని గ్లాసు పక్కన పెట్టిన. జరీ చుక్కలు ఎండకు మెరిసినయ్.

"జపాన్ సంగతి తర్వాత చెప్పు," అన్న. "కరోన రాకముందు బతుకమ్మకు ప్రమీల గీ చీరె కట్టుకొని, గిదే బండి కాడ నిలవడి నాకు చూపెట్టింది. సలాబత్‌పురాల నాలుగు చీరెల దుకాణాలు తిరిగి కొన్నదట. మూత గూడ తియ్యలేదంటివి. రేపు పెట్టె తెరుస్తది గద, ఏం చెప్తవ్?"

రాజమల్లు ఆకు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "ఎలుకలు కొట్టినయ్ అని చెప్త వదినె. ఖోలీల పెద్ద పెద్ద ఎలుకలు..."

"ముప్పై ఒక్కటి, అన్ని ఒక్క తీరు, అంజీర ఆకుల లెక్క కొట్టినయా? మంచిగ కోస్తున్నయ్ నీ ఎలుకలు. రేపటి సంది వాటికి గూడ హాజరీ వెయ్యమను శేఠ్‌ను."

సదానందం నవ్వుకుంట బల్ల మీదికెళ్లి జారిండు. రాజమల్లు చల్లారిన చాయ్ ఒక్క గుటకల తాగిండు, ఆకును జాగ్రత్తగ అంగీ జేబుల పెట్టుకున్నడు, సలాబత్‌పురా పోయే ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికిండు.